వేదిక మీద 'నేను': సొంత కథ సభను ఎప్పుడు కదిలిస్తుంది, ఎప్పుడు విసిగిస్తుంది

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో సాయంకాలపు సభలకు తరచుగా వెళ్లేవారు ఒక విచిత్రాన్ని గమనించే ఉంటారు. సభ మొదలయ్యే ముందు మెట్ల దగ్గర టీ తాగుతూ, తన ఊళ్లో జరిగిన సంగతి ఒకటి చుట్టూ ఉన్న నలుగురూ కదలకుండా వినేలా చెప్పిన పెద్దమనిషే, పావుగంట తరువాత మైకు ముందు నిలబడగానే మరొకరైపోతారు. 'వేదికనలంకరించిన పెద్దలకు' అని మొదలై, 'అనాదిగా మానవుడు' మీదుగా 'నేటి సమాజంలో విలువలు' దాకా సాగే ఆ ప్రసంగంలో ఒక్క మనిషి ముఖం కనిపించదు, ఒక్క ఊరి పేరు వినిపించదు. ఇంతలో అధ్యక్షులవారి నుంచి సమయం మించిందని చీటీ వస్తుంది. మాదాపూర్ కంపెనీల సమావేశాల్లో శాలువాలు, జ్యోతి ప్రజ్వలన ఉండవు గానీ జరిగేది ఇంచుమించు ఇదే. అనాది మానవుడి స్థానంలో స్లయిడ్లు వస్తాయి, అంతే తేడా.

కింద అంత చక్కగా చెప్పగలిగిన మనిషి ఆ నేర్పును మెట్ల దగ్గరే వదిలి రావడానికి కారణాలు లేకపోలేదు. నలుగురిలో తన గురించి తాను చెప్పుకోవడం ఆత్మస్తుతి అని, అది సభామర్యాద కాదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. సభలో విషయం మాట్లాడాలి తప్ప ఇంటి సంగతులు కాదన్న భయం కూడా దానికి తోడవుతుంది. ఈ రెండు సంకోచాలూ సహేతుకమైనవేనని నా అభిప్రాయం, ఎందుకంటే వాటిని వదిలించుకున్నవారు చాలామంది రెండో కొసకు వెళ్లిపోతున్నారు. వ్యక్తిత్వ వికాస తరగతిలో 'మీ కథ చెప్పండి' అని విన్నవారు, పేద కుటుంబంలో పుట్టడం దగ్గర మొదలుపెట్టి, పడిన కష్టాలన్నీ వరుసగా చెప్పి, ఈనాడు ఈ స్థాయికి చేరడంతో ముగిస్తారు. శ్రోతలు మర్యాదకు చప్పట్లు కొడతారు. ఆ కథలో తాము చేయవలసిన పని ఏదీ లేదని వారికి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

మౌనానికీ సొంత డబ్బాకూ నడుమ దారి ఎక్కడుందన్నదే అసలు చిక్కు. స్వానుభవాన్ని చెప్పే వక్త ఆ కథకు నాయకుడిగా కాక సాక్షిగా నిలబడినప్పుడే ఆ చిక్కు విడిపోతుందని నాకు అనిపిస్తుంది. ఎలాగో చూసే ముందు, కథ వింటున్నప్పుడు శ్రోతలో ఏం జరుగుతుందో కొంత తెలుసుకోవాలి.

అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఉరీ హాసన్ బృందం 2010లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించింది. ఒక యువతి తన హైస్కూలు రోజుల నాటి అనుభవాన్ని, ముందుగా సాధన చేయకుండా, మాటల్లో మాటగా చెబుతుండగా, మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రంలో ఆమె మెదడు కదలికలను నమోదు చేశారు. ఆ రికార్డింగును 11 మందికి వినిపించి వారి మెదళ్లనూ అలాగే పరిశీలించారు. చెప్పేవారి మెదడులో కనిపించిన కదలికల తీరే కొద్ది క్షణాల తేడాతో వినేవారి మెదడులోని అనేక భాగాల్లోనూ కనిపించింది. కొన్ని భాగాల్లో వినేవారి మెదడు ఒకడుగు ముందే ఉంది, అంటే రాబోయే మాటను వారు ఊహిస్తూ వింటున్నారు. ఆ ఊహ ఎంత బలంగా ఉంటే కథ అంత బాగా అర్థమైంది. అదే యంత్రంలో రష్యన్ రాని వారికి రష్యన్ కథ వినిపిస్తే ఈ పొందిక లేకుండా పోయింది. నానమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టడం లాంటిదే ఇదీ: ఊ కొట్టే పిల్లవాడు వినడంతో ఆగడు, తరువాత ఏమవుతుందో తనలో తాను అల్లుకుంటూ ఉంటాడు. వేదిక మీది వక్తకు ఆ ఊ వినిపించదు కనుక, శ్రోత అల్లుకోవడానికి కావలసిన దారం కథలోనే ఉంచాలి.

ఇది చిన్న ప్రయోగం. దీన్ని పట్టుకుని, కథగా చెబితే ఇన్ని రెట్లు గుర్తుంటుందని శిక్షణ తరగతుల్లో చెప్పే లెక్కలను నమ్మనవసరం లేదు. ఈ రంగంలో మరీ ప్రసిద్ధమైన ఇంకో ప్రయోగం గతి చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో పాల్గొన్నవారి చేతికి ఐదు డాలర్లు ఇచ్చి, అందులో ఎంత దానం చేస్తారో చూశారు. ఆఫ్రికాలో లక్షలాది మంది ఆకలి గురించిన అంకెలు చదివినవారు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలి దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. పాప గురించీ అంకెలూ కలిపి చదివినవారు 1.43 డాలర్లతో సరిపెట్టారు. ఒక్క ముఖం లక్షల లెక్క కంటే బలమైనదని చెప్పడానికి ఉపన్యాసకులందరూ దీన్నే ఉదహరిస్తూ వచ్చారు. అయితే ఇలాంటి అనేక పరిశోధనలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో ఆ ప్రభావం స్వల్పమేనని తేలింది. 2023లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న పునఃపరీక్షలోనైతే ఆ తేడాయే కనిపించలేదు.

అంటే ఒక పేరు, ఒక ముఖం, ఒక వయసు పెట్టినంత మాత్రాన సభ కదలదు. దీన్ని నేను నిరుత్సాహపడవలసిన సంగతిగా చూడను. కథ మీట నొక్కితే పనిచేసే యంత్రమైతే చెప్పడంలో నేర్పుకు విలువే ఉండదు కదా.

ఆ నేర్పు ఎలా ఉంటుందో చూడాలంటే, విజయగాథలు వినిపించే విదేశీ పారిశ్రామికవేత్తల కన్నా డాక్టర్ అంబేడ్కర్ దగ్గరకు వెళ్లడం మేలు. అస్పృశ్యత అంటే ఏమిటో ఎరగని విదేశీయులకు దాన్ని అర్థం చేయించడానికి రెండు మార్గాలున్నాయని, ఒకటి సాధారణ వర్ణన, రెండోది జరిగిన సంఘటనలు చెప్పడమని, రెండోదే ఎక్కువ ఫలితమిస్తుందని తాను భావిస్తున్నానని ఆయన తన ఆత్మకథాత్మక రచన ఆరంభంలోనే చెప్పి, 1901లో జరిగిన ఒక ప్రయాణంతో మొదలుపెడతారు. అప్పుడాయనకు సుమారు తొమ్మిదేళ్లు. సతారా నుంచి తోటి పిల్లలతో కలిసి తండ్రి దగ్గరకు రైల్లో బయలుదేరి మసూర్ స్టేషన్లో దిగారు. మంచి బట్టలు, టోపీలు చూసి స్టేషన్ మాస్టరు దయగా పలకరించాడు. ఎవరి పిల్లలని అడిగి, అంటరానివారిగా చూసే మహార్ కులంవారమని చెప్పగానే అతని ముఖం మారిపోయింది. డబ్బు ఇస్తామన్నా ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకునే షరతు మీద బయలుదేరారు. రాత్రి వెంట తెచ్చుకున్న తిండి ఉంది గానీ తాగడానికి నీళ్లు దొరకలేదు, ఆకలితోనే పడుకున్నారు.

ఇందులో రచయిత చేయని పనులను చూడాలి. తన మీద జాలిపడమని ఎక్కడా అడగలేదు. 'అమానుషం', 'దారుణం' అన్న విశేషణాలను కథ మీద రుద్దలేదు. ముద్ద దగ్గరున్నా నీళ్లు లేక తినలేకపోవడమన్న ఒక్క సంగతి, అస్పృశ్యత గురించిన పది నిర్వచనాలు చేయలేని పనిని చేస్తుంది. అన్యాయం తనకే జరిగినా ఆయన దాన్ని ఒక పిల్లవాడి కళ్లతో చూసి చెబుతున్న సాక్షిలాగే ఉంటారు. తీర్పు చెప్పే బాధ్యత చదివేవారికి మిగిలింది కనుకనే వారు అందులోంచి తప్పించుకోలేరు.

మన రోజువారీ సభల స్థాయికి దిగివద్దాం. కోఠిలోని ఒక కళాశాలలో రక్తదానం గురించి ఐదు నిమిషాలు మాట్లాడవలసిన ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. మొదటి చిత్తుప్రతిలో ఆయన ఇలా రాసుకుంటారు: 'రక్తదానం ప్రాణదానంతో సమానం. నా జీవితంలో కూడా రక్తం విలువ తెలిసిన సందర్భం ఒకటి ఉంది. మా నాన్నగారి ఆపరేషన్ సమయంలో మేము ఎంతో మానసిక వేదన అనుభవించాం. మానవత్వం ఇంకా బతికే ఉందని నాకు ఆనాడు తెలిసింది.' ఇందులో అబద్ధం లేదు, వ్యాకరణ దోషం లేదు, కానీ కళ్లకు కట్టేది కూడా ఏమీ లేదు. అదే అనుభవాన్ని ఆయన ఇలా చెప్పారనుకుందాం:

'మా నాన్నకు ఆపరేషన్ తెల్లారి ఆరింటికి. రాత్రి పదకొండు దాటింది, ఓ నెగెటివ్ ఇంకొక్క యూనిట్ కావాలి. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ అయిపోయాయి. పన్నెండున్నరకు ముషీరాబాద్ నుంచి బండి మీద ఒకాయన వచ్చాడు. ఎవరో వాట్సాప్‌లో పెట్టింది చూశాడట. రక్తం ఇస్తున్నంతసేపూ ఆయన నుదుటి మీద హెల్మెట్ అచ్చు అలాగే ఉంది. దారి ఖర్చులకని డబ్బు ఇవ్వబోతే, "పైసలేం వద్దన్నా, ఒక్క చాయ్ తాపియ్ చాలు" అన్నాడు. కిందికి దిగి చూస్తే దగ్గర్లో హోటళ్లన్నీ మూసి ఉన్నాయి. ఇంకోసారి తాగుదామని బండెక్కి వెళ్లిపోయాడు. పేరు అడగలేదు నేను.'

రెండో దానికి నిమిషం కూడా పట్టదు. మానవత్వమన్న మాట అందులో లేకపోయినా శ్రోత తనంతట తానే అక్కడికి చేరతాడు. ఈ కథలో నాయకుడు వక్త కాడు. వక్త ఫోన్ పట్టుకుని దిక్కుతోచక నిలబడిన మనిషి మాత్రమే. వింటున్న ఇరవయ్యేళ్ల విద్యార్థి వక్తలా తండ్రి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాడు కాకపోవచ్చు గానీ, రాత్రి బండెక్కి వచ్చిన ఆ మనిషి కాగలడు. కథలో శ్రోత కూర్చోగలిగిన ఖాళీ ఆ పాత్ర దగ్గర ఉంది. వక్త తానే నాయకుడై 'ఇప్పటికి ఇన్నిసార్లు రక్తమిచ్చాను' అని చెప్పి ఉంటే ఆ ఖాళీని తానే ఆక్రమించేవాడు. ఆత్మస్తుతి వద్దన్న మన పాత సంకోచానికి ఇక్కడ సమాధానం దొరుకుతుంది: తన అనుభవమే చెబుతున్నాడు, కానీ పొగడ్త మరొకరికి పోతోంది.

హెల్మెట్ అచ్చు అన్న వివరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అతడు తొందరగా వచ్చాడని, దూరం నుంచి వచ్చాడని, వచ్చీరాగానే మంచం మీద పడుకున్నాడని ఆ ఒక్క గుర్తు చెప్పేస్తుంది. ఇలాంటి వివరం ఒకటి ఉంటే చాలు. ఆసుపత్రి గోడల రంగు, నర్సు మాటలు, వాన కూడా చేరిస్తే ఏది ముఖ్యమో శ్రోతకు తెలియకుండా పోతుంది.

అంకెలు చెప్పవలసి వస్తే, ఈ కథ ముగిసి, సభ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్న తరువాత చెప్పాలి. పద్దెనిమిది నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చునని, పురుషులు మూడు నెలలకు ఒకసారి, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చునని అప్పుడు చెబితే, ఆ అంకెలు శ్రోత తన గురించి తాను వేసుకునే లెక్కగా మారతాయి. కథకు ముందు చెబితే అవి పాఠంలా వినిపిస్తాయి. కథ నడుమ చొప్పిస్తే రెండూ చెడతాయి.

సొంత కథను విషయానికి ముడివేయడం మనకు కొత్త విద్య కాదు. హరికథ చెప్పే భాగవతారులు ప్రధాన కథ నడుమ పిట్టకథ ఎత్తుకుంటారు. ఆ ప్రక్రియకు పితామహుడిగా పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) నాటి నుంచీ వింటున్న తెలుగువారికి, పిట్టకథ ఎంత నవ్వించినా చివరకు ప్రధాన కథకే వచ్చి చేరుతుందన్న నమ్మకం ఉంది. అష్టావధానంలో దీనికి సరిగ్గా ఎదురు పాత్ర ఒకటుంది. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికే సంబంధం లేని ప్రశ్నలు వేస్తాడు. అవధాని చమత్కారంగా బదులిచ్చి మళ్లీ పద్యం దగ్గరకు వస్తాడు. దురదృష్టవశాత్తు మన సభల్లో కొందరు వక్తలు పృచ్ఛకుడి పనీ అవధాని పనీ ఒక్కరే చేయబూనుకుంటారు, ఆపైన పద్యం దగ్గరకు తిరిగి రారు. పరీక్ష సులువైనదే: ప్రసంగంలోంచి ఆ కథను తీసేస్తే వాదన కుంటుపడాలి. కుంటుపడకపోతే ఆ కథను మెట్ల దగ్గర టీ తాగేటప్పటికి దాచుకోవచ్చు.

హార్వర్డ్‌లో బోధించే మార్షల్ గాంజ్ ఈ ముడిని మూడు మెట్లుగా చెబుతారు: నా కథ, మన కథ, ఈ క్షణపు కథ. బరాక్ ఒబామా 2004 జులైలో బోస్టన్‌లో చేసిన ప్రసంగంలో మొదటి రెండు మెట్లూ స్పష్టంగా కనిపిస్తాయి. కెన్యాలో మేకలు కాచిన తండ్రి, కాన్సాస్‌లో పుట్టిన తల్లి గురించి కొద్ది వాక్యాల్లో చెప్పి, తన కథ అమెరికా కథలో ఒక భాగమని వెంటనే శ్రోతల వైపు తిరుగుతారు. మన వక్తలు ఎక్కువగా తప్పిపోయేది ఈ మలుపు దగ్గరే. నా కథ నుంచి నేరుగా 'కాబట్టి మీరు' అన్న ఉపదేశంలోకి దూకుతారు. 'మనం' అన్న మెట్టు మీద కాలు పెట్టరు.

సత్యం విషయంలో రాజీ కుదరదు. 1987 ఆగస్టులో అయోవాలో జరిగిన చర్చలో, అప్పట్లో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న జో బైడెన్, తన వంశంలో విశ్వవిద్యాలయానికి వెళ్లిన మొదటి వ్యక్తి తానే ఎందుకయ్యాడని అడుగుతూ, గనుల్లో పనిచేసిన పూర్వీకులను తలచుకున్నారు. ఆ మాటలు, ఆ వరుస బ్రిటన్ లేబర్ నాయకుడు నీల్ కినాక్ తన కుటుంబం గురించి చెప్పినవి. ఇతర సభల్లో బైడెన్ ఆ మాటలు కినాక్‌వని చెప్పేవారు, ఆనాడు మాత్రం చెప్పలేదు. సంగతి బయటపడ్డాక ఇతర ఆరోపణలూ తోడై సెప్టెంబరులో ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. గణాంకం తప్పు చెబితే పొరపాటనుకుంటారు, ఒకరి బతుకును తనదిగా చెబితే క్షమించరు. వాట్సాప్‌లో తిరిగే కథల్లోని తండ్రీకొడుకులను తమ ఇంటివాళ్లుగా మార్చి చెప్పేవారు, అదే సందేశం సభలో సగం మంది ఫోన్లలో ఉందని మరిచిపోతారు.

కావాలని చేసే మోసం కన్నా జారిపోవడం ఇంకా ప్రమాదం. అమెరికన్ టీవీ వార్తా వ్యాఖ్యాత బ్రయన్ విలియమ్స్ 2003 నాటి ఇరాక్ హెలికాప్టర్ ప్రయాణాన్ని ఏళ్ల తరబడి చెబుతూ చెబుతూ, కాల్పులకు గురైన హెలికాప్టర్లో తానే ఉన్నట్టు చెప్పే దశకు చేరారు. సైనికులు కాదన్నాక 2015 ఫిబ్రవరిలో ఆరు నెలల సస్పెన్షన్‌కు గురయ్యారు. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు పడిన చోట కథ కాస్త ఉబ్బడం సహజం. అందుకే తరచుగా చెప్పే కథను జరిగినది జరిగినట్టుగా ఒకసారి కాగితం మీద పెట్టుకుని, అప్పుడప్పుడూ దానితో పోల్చి చూసుకోవడం మంచిది.

ఎంతవరకు చెప్పవచ్చన్నది ఇంకా సున్నితమైన ప్రశ్న. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఇంకా ఆరని గాయాన్ని సభలో విప్పితే, శ్రోతలు విషయాన్ని వదిలి వక్త క్షేమం గురించి ఆందోళన పడతారు. ఓదార్చే పని వారి మీద పడుతుంది. గొంతు పూడుకుపోకుండా స్నేహితుడికి చెప్పగలిగిన రోజునే ఆ కథ వేదికకు సిద్ధమైనట్టు లెక్క. మరో సంగతి, మన కథలు పూర్తిగా మన సొత్తు కావు. అక్క విడాకులు, తమ్ముడి తాగుడు, తండ్రి అప్పులు వారి బతుకులు కూడా. యూట్యూబ్‌లో ఎవరైనా చూడగలిగే ఈ రోజుల్లో వారి అనుమతి అడగకుండా చెప్పడం అన్యాయం. అడిగాక వారు వద్దంటే ఇంకో కథ వెతుక్కోవడమే.

భాష విషయంలో హైదరాబాద్ సభలకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకే హాల్లో కరీంనగర్, గుంటూరు, కడప వారితో పాటు పాతబస్తీ దక్కనీ పలుకు తెలిసినవారూ ఉంటారు. అందరికీ అర్థం కావాలని కథలోని సంభాషణలను కూడా పత్రికల తెలుగులోకి మార్చేస్తే కథ ప్రాణం పోతుంది. పై ఉదాహరణలో ఆ దాత 'నాకు ధనం అవసరం లేదు, కేవలం తేనీరు చాలు' అన్నాడని చెబితే ఎవరు నమ్ముతారు? వివరణ అందరి భాషలో సాగవచ్చు, మనుషుల మాటలు మాత్రం వారు అన్నట్టే ఉండాలి. నవ్వించడానికి యాసను అనుకరించడం వేరే సంగతి. సభలో ఆ యాసవారు ఉంటారు, వారికి అది నవ్వులా వినిపించదు.

నిడివి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1924లో కాలిఫోర్నియాలో మొదలై నేడు హైదరాబాద్‌లోనూ అనేక క్లబ్బులున్న టోస్ట్‌మాస్టర్స్ సంస్థలో, కొత్త సభ్యులు తమను తాము పరిచయం చేసుకునే తొలి ప్రసంగానికి ఇచ్చే సమయం నాలుగు నుంచి ఆరు నిమిషాలు. పచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో గడువు తెలుపుతారు. ఒక జీవితం మొత్తాన్ని పరిచయం చేయడానికే అంత సమయం సరిపోతుందంటే, ఒక సందర్భాన్ని చెప్పడానికి నిమిషంన్నర చాలు. అధ్యక్షుల చీటీల బదులు మన సాహిత్య సభల్లోనూ ఆ దీపాలు పెడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

సాధన విషయానికొస్తే, అద్దం ముందు నిలబడటం వల్ల పెద్ద ప్రయోజనం లేదు, అద్దం ఊ కొట్టదు. కథలోని మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వచ్చేలా చూసుకుని, నడుమ భాగాన్ని ఇంట్లో ఒకరికో, ఆఫీసు క్యాంటీన్లో తోటివారికో ప్రసంగమని చెప్పకుండా మామూలుగా చెప్పి చూడాలి. వారి చూపు ఫోన్ మీదికి పోయిన చోట కథను కత్తిరించాలి. ముగించాక 'అయితే ఆయన మళ్లీ కనబడ్డాడా?' అని వారు అడిగితే కథ నిలబడినట్టే. 'ఇంతకీ ఇది ఎందుకు చెబుతున్నావు?' అని అడిగితే, కథకూ విషయానికీ మధ్య ఉండవలసిన వాక్యం ఇంకా రాయలేదన్నమాట. సభ తేదీ లోపు ఆ వాక్యం దొరకకపోతే వేరే కథ ఎంచుకోవాలి.